చెప్పి వచ్చే తుపాను నయమా, చెప్పకుండా పడే పిడుగువాన నయమా?

ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉన్నవాళ్ళకి ఏడాదికి రెండు భయాలు. ఆశ్వయుజంలో సముద్రం వైపు నుంచి ముసురుకొచ్చే తుపాను ఒకటి. చైత్ర వైశాఖాల్లో ఎండ మండుతుండగానే కొండల మీంచి దిగే గాలివాన ఇంకొకటి. దాన్ని ఒడియావాళ్ళు కాలబైశాఖి అంటారు. ఏది నయమని అడిగితే మా వీధిలో ఎక్కువమంది గాలివానకే ఓటేస్తారు, గంటలో పోతుంది కదా అని. నేను మాత్రం తుపానే నయమంటాను.

తుపాను ఎదగాలంటే రోజులు పడుతుంది. సముద్రం పైనీరు 26.5 డిగ్రీలకు మించి వేడెక్కి ఉండాలి. అక్కడి ఆవిరి పైకి లేచి మేఘమయ్యేటప్పుడు వేడి విడుదలవుతుంది, ఆ వేడికి గాలి ఇంకా లేస్తుంది, కింద పీడనం తగ్గుతుంది, చుట్టుపక్కల తేమగాలి అక్కడికి పరుగెత్తుతుంది. భూమి తిరుగుతుంది కాబట్టి ఆ గాలి సుడి తిరుగుతుంది. పైన గాలులు అడ్డంగా కోసేస్తే అంతా చెదిరిపోతుంది, లేదంటే అల్పపీడనం వాయుగుండమై, గాలి గంటకు 62 కిలోమీటర్లకు చేరితే తుపానవుతుంది. 2018లో తిత్లీ తుపాను అలాగే అక్టోబరు 8న వాయుగుండం, 9న తుపాను, 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది. బియ్యం, కిరసనాయిలు తెచ్చుకోవడానికి, పశువుల కట్లు విప్పడానికి ఆ మూడు రోజులు చాలు.

కాలబైశాఖికి అంత ఓపిక లేదు. కింద బంగాళాఖాతం తేమ, పైన వాయవ్యం నుంచి వచ్చే పొడిగాలి, మధ్యలో కాలిన నేల. మధ్యాహ్నం రెండింటికి మహేంద్రగిరి వైపు పత్తికుప్పంత మబ్బు కనబడుతుంది. చూస్తుండగానే ఉబ్బి, పన్నెండు పదిహేను కిలోమీటర్ల ఎత్తుకు పోయి, నెత్తి కమ్మరి దాగలిలా చదునవుతుంది. లోపల మంచు పలుకులు, చిన్న వడగళ్ళు రాసుకుని విద్యుత్తు పేరుకుంటుంది. వాన మొదలయ్యాక పడే చినుకులే చల్లగాలిని కిందికి లాగి మబ్బుకి అందే వేడిగాలిని తెంపేస్తాయి, అందుకే అది త్వరగా చస్తుంది. కానీ ఆ చల్లగాలి నేల మీద పరుచుకుంటూ ముందున్న వేడిగాలిని ఎత్తి, పక్కనే ఇంకో మబ్బుని పుట్టిస్తుంది. వాన రాకముందే దుమ్ము లేచి, జీడితోటలో ఆకులన్నీ ఒక్కసారి తిరగబడేది ఆ గాలికే. అప్పటికి మేకలు తోటలో ఉంటాయి, వాటి వెనక ఒక పిల్లాడుంటాడు, వాడు మామిడిచెట్టు కిందికి పరుగెడతాడు. చినుకు పడని చోట కూడా, మబ్బుకి పది కిలోమీటర్ల అవతల కూడా పిడుగు పడగలదు. ఒడిశా ప్రభుత్వం 2015లోనే పిడుగుపాటును రాష్ట్ర విపత్తుల్లో చేర్చింది.

ఇలాంటి మబ్బు ఏ ఊరి మీద పుడుతుందో ముందురోజు ఎవరూ చెప్పలేరు. దామిని యాప్ చుట్టూ ఇరవై నలభై కిలోమీటర్లలో పడే పిడుగుల గురించి హెచ్చరిస్తుంది, ఫోన్‌లో ఉంచుకోండి. అయినా తోటలో సిగ్నల్ ఉండాలిగా. ఉరుము వినబడిందంటే పక్కా ఇంట్లోకి వెళ్ళిపోవాలి, ఆఖరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు.

తుపాను నయమన్న నా మాటకి ఒక్క మినహాయింపుంది, అది మన జిల్లాదే. నేలెక్కాక తుపానుకి సముద్రపు ఆవిరి అందదు, గాలి తగ్గుతుంది. కానీ మిగిలిన తేమగాలిని తూర్పు కనుమలు పైకి నెడతాయి, వాన ఇంకా పెరుగుతుంది. తిత్లీ అప్పుడు గజపతి జిల్లా బరఘరాలో వానకి జడిసి కొండ గుహలో తలదాచుకున్నవాళ్ళ మీద కొండచరియ విరిగిపడింది. గాలికి కాదు, గాలి తగ్గాక కురిసిన వానకి పోయారు వాళ్ళు. అందుకే టీవీలో "బలహీనపడింది" అని వచ్చిన రాత్రే మోహన, ఆర్.ఉదయగిరి వైపు కొండ కింద ఇళ్ళున్న తెలిసినవాళ్ళకి ఫోన్ చేయండి. ఆ రాత్రికి దిగువన బడిలో పడుకోమనండి.