వెన్నుపూసల అతుకుకు తుంటి ఎముకా, ఇన్‌ఫ్యూజా?

నడుములో రెండు వెన్నుపూసలను కలిపేటప్పుడు రోగి సొంత తుంటి ఎముక ముక్కలు వాడాలా, లేక 2002లో అమెరికా ఔషధ, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతించిన ఇన్‌ఫ్యూజ్ (ఎముక పెరిగేలా చేసే ప్రోటీన్‌తో మెడ్‌ట్రానిక్ అనే వైద్య పరికరాల కంపెనీ చేసిన ఉత్పత్తి) వాడాలా అన్నది అక్కడ చాలాకాలం నలిగిన ప్రశ్న.

ఖర్చు: సొంత ఎముకకు విడిగా ధర ఉండదు, ఇన్‌ఫ్యూజ్‌కు వేల డాలర్లవుతాయి.

శ్రమ: మొదటిదానికి మరో కోత, కొందరికి తుంటి దగ్గర నెలల తరబడి నొప్పి, రెండోదానికి అవి లేవు, దాని అసలు ఆకర్షణ అదే.

ముప్పు: కంపెనీ నిధులతో జరిగిన 13 తొలి అధ్యయనాలు ఇన్‌ఫ్యూజ్ వల్ల దుష్ఫలితాలేవీ కనిపించలేదని చెప్పగా, 2011లో స్పైన్ జర్నల్ అనే వైద్య పత్రికలో వచ్చిన పునఃపరిశీలన ఆ ముప్పును 10 నుంచి 50 శాతంగా అంచనా కట్టింది. మెడలో వాడితే ప్రాణాంతకమైన వాపు రావచ్చని ఎఫ్‌డీఏ 2008లోనే హెచ్చరించింది. ఆ అధ్యయనాలు రాసిన వైద్యులకు 1996-2010 మధ్య మెడ్‌ట్రానిక్ రాయల్టీలు, సలహా రుసుముల వంటి రూపాల్లో సుమారు 21 కోట్ల డాలర్లు చెల్లించిందని 2012 నాటి అమెరికా సెనేట్ ఆర్థిక సంఘం నివేదిక వెల్లడించింది. అది తెలిశాక ఆ ప్రశంసలను మునుపటిలా చదవడం కష్టం.

తుంటి ఎముక గట్టిగా ఉన్నవారికి సొంత ఎముకే మేలు. ఇదివరకే అక్కడ ఎముక తీసినవారికి, లేదా అది పలచబడినవారికి, అనుమతి ఉన్న శస్త్రచికిత్స వరకే ఇన్‌ఫ్యూజ్ పరిశీలించదగినది. గర్భిణులకు, క్యాన్సర్ ఉన్నవారికి అది తగదు.