'ఫోర్ సీజన్' ఫిఫ్త్ వీల్: టెక్సస్ ఎండలోనూ కొలరాడో చలిలోనూ వాడాక రివ్యూ

ముందే చెప్పేస్తున్నా, ఈ బండికి నేనిచ్చేది అయిదుకి మూడున్నర, అందులో కూడా ఒక స్టార్ మేం తర్వాత కొని తగిలించిన సామాన్లది, కంపెనీది కాదు. కంపెనీ పేరు అడక్కండి, ఈ సైజులో ఎవరి బండి తీసుకున్నా దాదాపు ఇదే వ్యవహారం. 34 అడుగుల సెకండ్‌హ్యాండ్ ఫిఫ్త్ వీల్, మూడు స్లైడ్లు (బండి ఆపాక గోడలోంచి బయటికి జరిగే గది భాగాలు), పైన రెండు ఏసీలు, 50 ఆంప్స్ కనెక్షన్, పక్కన ఇంత పెద్ద అక్షరాలతో ఫోర్ సీజన్ అని, అంటే అన్ని కాలాల్లోనూ ఉండొచ్చని స్టిక్కర్. ఇండియా నుంచి చదివేవాళ్ళకి ఒక ముక్క: పికప్ ట్రక్కు వెనక తొట్టిలో హిచ్ బిగిస్తారు, ట్రైలర్ ముందు భాగం వచ్చి దాని మీద కూర్చుంటది, ఆ ఎత్తు భాగంలోనే బెడ్‌రూమ్. మేం ఉండేది డాలస్ పైన ఫ్రిస్కో వైపు, ఇద్దరికీ వర్క్ ఫ్రమ్ హోమ్, అమ్మానాన్న వస్తే వాళ్ళని కూడా ఎక్కించుకుని వెళ్ళిపోతాం, అంటే ఇది వీకెండ్ పిక్నిక్ బండి కాదు, నెలల తరబడి వండుకుని తిని పడుకునే ఇల్లు.

ముందు ఆ స్టిక్కర్ సంగతి. బ్రోచర్లలో ఆర్-38 లాంటి ఇన్సులేషన్ నంబర్లు (ఎంత ఎక్కువైతే వేడీ చలీ అంత బాగా ఆగుతాయని) కనిపిస్తాయి, అబ్బో అనిపిస్తది. అవి రూఫ్‌కో ఫ్లోర్‌కో చెప్పే నంబర్లు, మధ్యలో ఉండే ఫాయిల్ పొరని కూడా కలిపి లెక్కేస్తారు. గోడ చూస్తే రెండంగుళాల మందం, దాని ఆర్ వాల్యూ పది అటూ ఇటూ. ఇక్కడ మామూలు చెక్క ఇంటి గోడలోనే ఆర్-13 వేస్తారు. దానికి తోడు ఇన్ని కిటికీలు, పైన వెంట్లు, ఇంట్లో గోడ ఉండాల్సిన చోట రబ్బరు సీల్ మీద ఆగే స్లైడ్లు. అందుకని నా మటుకు నాకు ఇన్సులేషన్ నంబర్ కంటే గాలి ఎక్కడెక్కడ దూరుతోందో అదే ముఖ్యం, డబ్బులు పెట్టాల్సింది కూడా అక్కడే.

ఎండాకాలం. జులైలో డాలస్‌లో 100 ఫారెన్‌హీట్ దాటడం మామూలే, మన లెక్కలో 38 డిగ్రీలు, ఇందులో ఏముంది మా విజయవాడలో 45 చూశాం అంటారు కదా, నిజమే, కానీ విజయవాడలో మీరు రేకు డబ్బాలో పడుకోలేదు. పైన ఒక్కోటి 15,000 బీటీయూ ఏసీ, అంటే ఒకటింపావు టన్ను. కాగితం మీద రెండున్నర టన్నులు, అపార్ట్‌మెంట్‌కి సరిపోయేది. కానీ ఈ ఏసీలు లోపలికి పీల్చుకున్న గాలిని ఒక 20 డిగ్రీల ఫారెన్‌హీట్ వరకే చల్లబరుస్తాయి, అదే వాటి పని. మధ్యాహ్నం 3కి బయట నుంచి వచ్చి లోపల 95 ఉంటే ఏసీ ఆన్ చేసి చల్లబడట్లేదని తిట్టుకుంటే లాభం లేదు, పొద్దున 9కే ఆన్ చేసి పెట్టాలి, గోడలూ మంచాలూ అన్నీ చల్లగా ఉండగానే మొదలెడితే సాయంత్రం దాకా నిలబెట్టుద్ది.

వీటన్నిట్లోకీ తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా ఇచ్చింది ఏంటంటే ఫాయిల్ టేప్, పది పదిహేను డాలర్లు, హోమ్ డిపోలో దొరుకుద్ది. సీలింగ్‌లో ఏసీ కింద గ్రిల్ విప్పి చూడండి, చల్లగాలి డక్ట్‌లోకి వెళ్ళే దారికీ గదిలో గాలి పైకి పీల్చుకునే దారికీ మధ్య అడ్డం సరిగ్గా ఉండదు, చాలా బండ్లలో ఫ్యాక్టరీ వాళ్ళు ఏదో అతికించామంటే అతికించాం అన్నట్టు వదిలేస్తారు. చల్లబడిన గాలి గదిలోకి రాకుండా మళ్ళీ ఏసీలోకే పోతది, అది చల్లగానే ఉంది కదా అని ఏసీ అనుకుంటది, మీరేమో బెడ్‌రూమ్‌లో చెమటలు కక్కుతుంటారు. ఆ సందులన్నీ టేప్ వేసి మూస్తే బెడ్‌రూమ్ వెంట్‌లో గాలి ఊపే మారిపోయింది. దీనికి అయిదుకి అయిదు.

కిటికీలకి ఫాయిల్ బబుల్ షీట్ అందరూ పెడతారు, మేమూ పెట్టాం, పర్లేదు, కాకపోతే లోపల పెడితే ఎండ అప్పటికే అద్దం దాటి వచ్చేసుంటది. బయట వైపు కట్టే సోలార్ స్క్రీన్ చాలా బెటర్, పైగా పగలంతా గుహలో కూర్చున్నట్టు ఉండదు. పైన వెంట్‌లు 14 అంగుళాలకి 14 సైజు, వాటిలో కుక్కడానికి దిండు లాంటివి అమ్ముతారు, ఎండకీ చలికీ రెండిటికీ పనికొస్తాయి, కళ్ళు మూసుకుని కొనేయండి. బండి నిలబెట్టేటప్పుడు ముందు భాగం దక్షిణానికి పెడితే ఆనింగ్ (పక్కకి విప్పే గుడ్డ పందిరి) ఉన్న కుడి పక్క పడమరకి వస్తది, సాయంత్రం ఎండ ఆ పందిరి మీద పడుద్ది, ఖర్చు సున్నా. ఆర్వీ పార్కులో (ఇలాంటి ఇళ్ళ బండ్లు నిలబెట్టుకునే చోట) సైట్ మనం ఎంచుకునే ఛాన్స్ ఉంటే అది చూసుకోండి.

ఇప్పుడు మన వంటింటి బాధ, ఇంగ్లీష్ రివ్యూల్లో ఎవడూ రాయడు ఇది. 50 ఆంప్స్ ప్లగ్ అంటే రెండు లైన్లు, మొత్తం 12,000 వాట్లు. 30 ఆంప్స్ ప్లగ్ అంటే ఒకటే లైను, 3,600 వాట్లు. స్టేట్ పార్కుల్లో చాలా సైట్లకి 30 మాత్రమే, అడాప్టర్ తగిలించుకోవడమే. ఒక ఏసీ నడుస్తుంటేనే 14 ఆంప్స్ దాకా పోయింది, రైస్ కుక్కర్ ఒక 6, మైక్రోవేవ్ పెట్టారంటే ఇంకో 12 పైన, ఠప్ మని బ్రేకర్. మా అమ్మకి ఇప్పుడు కంఠతా వచ్చేసింది, కెటిల్ పెట్టే ముందు ఏసీ ఆపమంటావా అని అడుగుద్ది. సాఫ్ట్ స్టార్ట్ అని ఒకటి దొరుకుద్ది, మేం మైక్రో-ఎయిర్ వాళ్ళ ఈజీస్టార్ట్ వేయించాం, కంప్రెసర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంట్ సగం కంటే తక్కువకి పడిపోద్ది, లైట్లు డిమ్ అవ్వడం పోయింది, చిన్న జెనరేటర్ మీద కూడా ఒక ఏసీ లేస్తుంది. మూడొందల డాలర్ల చుట్టుపక్కల ఉంటది, ఎండాకాలం తిరిగేవాళ్ళకి ఓకే, 50 ఆంప్స్ పార్కుల్లోనే ఉండేవాళ్ళకి అవసరం లేదు. దానికంటే ముందు వోల్టేజ్ తగ్గితే కట్ చేసే సర్జ్ ప్రొటెక్టర్ కొనండి, నిండిపోయిన పార్కులో మధ్యాహ్నం అందరి ఏసీలూ ఆన్ అయితే వోల్టేజ్ 105 కిందకి పడిపోయి కంప్రెసర్ కాలిపోయే ప్రమాదం ఉంది, కొత్త ఏసీ ధరతో పోలిస్తే అది చిల్లర.

చలి సంగతికొస్తే, నవంబర్లో కొలరాడోలో అలమోసా వైపు వెళ్ళాం, 7,500 అడుగుల ఎత్తు, పగలు ఎండ హాయిగా ఉంటది, రాత్రి నీళ్ళు గడ్డకట్టే 32 కంటే ఎంతో కిందకి పోతది. లోపల ప్రొపేన్ ఫర్నేస్ 35,000 బీటీయూ, వేడికి ఢోకా లేదు, పావుగంటలో స్వెట్టర్ తీసేయొచ్చు. అది తాగే గ్యాస్ లెక్క చూస్తేనే గుండె గుభేల్‌మంటది. బండికుండే 30 పౌండ్ల సిలిండర్ అంటే 13.6 కేజీలు, మన ఇంట్లో గ్యాస్ బండ 14.2 కేజీలు కదా, దాదాపు అదే. ఇంటి దగ్గర నెలా నెలన్నర వచ్చే ఆ బండని ఈ ఫర్నేస్ ఆపకుండా తిరిగితే 18 గంటల్లో ఖాళీ చేసుద్ది. థర్మోస్టాట్ ఆపుతూ ఉంటది కాబట్టి గట్టి చలిలో మాకు ఒకటిన్నర రెండు రోజులు వచ్చేది.

అందుకని చాలామంది గ్యాస్ ఎందుకు, కరెంట్ పార్కు వాడిదే కదా అని 1,500 వాట్ల చిన్న హీటర్ పెట్టేస్తారు. అది 5,100 బీటీయూ, సోఫా దగ్గర బానే ఉంటది. కానీ ఇలాంటి బండ్లలో నీళ్ళ ట్యాంకులూ పైపులూ ఫ్లోర్ కింద మూసిన డబ్బాలో ఉంటాయి, అక్కడికి వేడి పంపేది ఫర్నేస్ డక్టే. హీటర్ వల్ల హాల్ వెచ్చగా ఉంటే థర్మోస్టాట్ ఫర్నేస్‌ని లేపదు, కింద పైపులు గడ్డకట్టుకుంటాయి, మీరు పైన దుప్పట్లో హాయిగా ఉంటారు. ఫోర్ సీజన్ అని అమ్మేది ఈ ఏర్పాటునే, ఇది నిజంగా పనిచేసింది, కంపెనీకి నేనిచ్చిన మార్కుల్లో ఎక్కువ దీనికే, కాకపోతే ఫర్నేస్ తిరుగుతూ ఉండాలి. పైపు పగిలితే అయ్యే ఖర్చు ముందు గ్యాస్ డబ్బులు లెక్కలోకి రావు.

కింద గాలి దూరకుండా చుట్టూ స్కర్టింగ్ కట్టాలి. గాలి ఊదే ట్యూబులు వస్తున్నాయి, పెట్టడం తేలికే కానీ రేటు వింటే కళ్ళు తిరుగుతాయి. మేం రెండంగుళాల ఫోమ్ బోర్డు, 4 అడుగులకి 8 అడుగుల షీట్లు, కోసి టేప్ వేసి నిలబెట్టాం, చూడ్డానికి గుడిసెలా ఉంది, నాన్న నవ్వారు, కానీ కాళ్ళ కింద ఫ్లోర్ చల్లదనం పోయింది. రెండు మూడు రాత్రుల కోసం అయితే ఆ పని పెట్టుకోకండి, నెల ఉంటేనే. నీళ్ళ పైపుకి హీటెడ్ హోస్ కొనొచ్చు, లేదా మాలాగా ట్యాంకు నింపుకుని హోస్ తీసేయొచ్చు. గ్రే ట్యాంక్ (సింకులో, స్నానానికి వాడిన నీళ్ళు చేరే ట్యాంకు) వాల్వ్ మూసే ఉంచండి, తెరిచి పెడితే కారే ఆ కాస్త నీళ్ళూ బయట పైపులో ఐసు అయిపోయి రాయిలా అడ్డం పడతాయి.

ఎవరూ చెప్పని ఇంకో తలనొప్పి చెమ్మ. నలుగురు మనుషులు, పప్పు, అన్నం, ఇడ్లీ ఆవిరి, స్నానాలు, అంతా ఆ డబ్బాలోనే. పొద్దున లేస్తే కిటికీ ఫ్రేముల మీద నీళ్ళు కారుతుంటాయి, పరుపు ఎత్తి చూస్తే అడుగున తడి, వదిలేస్తే బూజు. చలిలో వెంట్ తెరవడం పిచ్చి పనిలా అనిపిస్తది కానీ వంట చేస్తున్నంతసేపూ బాత్రూమ్ ఫ్యాన్ తిప్పి ఒక కిటికీ అంగుళం తెరవాల్సిందే. గ్యాస్ స్టవ్ కూడా మండేటప్పుడు ఆవిరి వదులుద్ది, అందుకే గది వెచ్చబడుద్దని స్టవ్ వెలిగించి వదిలేయడం అస్సలు వద్దు, చెమ్మ సంగతి సరే, కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీసుద్ది. బండిలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ అలారం టెస్ట్ బటన్ అప్పుడప్పుడు నొక్కి చూస్తుండండి. చిన్న డీహ్యూమిడిఫైయర్ ఒకటి పెట్టాక మాకు ఫ్రేముల మీద నీళ్ళు దాదాపు ఆగాయి, పరుపు కింద గాలాడే జాలీ మ్యాట్ వేశాం.

కొనేవాళ్ళకి: చీకటి పడ్డాక చూడ్డానికి వెళ్ళండి, లోపల లైట్లన్నీ వేయించి స్లైడ్లు బయటికి పెట్టించి చుట్టూ తిరగండి, మూలల్లో వెలుతురు ఎక్కడ కనిపిస్తే అక్కడ నుంచి మీ ఏసీ గాలి పోతది. సీలు మార్చుకోవచ్చు, టేప్ వేసుకోవచ్చు, దాన్ని పట్టుకుని రేటు తగ్గించమని అడగొచ్చు. ఒకటే ఏసీ, 30 ఆంప్స్ వైరింగ్ ఉన్న పెద్ద బండి మాత్రం ఎంత చవగ్గా వచ్చినా టెక్సస్‌లో ఉండేవాళ్ళు తీసుకోవద్దు, దాన్ని తర్వాత మార్చాలంటే సగం బండి విప్పాలి.