నారు అరలో టీ5 ట్యూబులు: ఏళ్లపాటు వాడాక నా అభిప్రాయం

కిటికీ వెలుతురు అందని ఇరుకు అరలో నారు పెంచడానికి నేను 54 వాట్ల, నాలుగడుగుల టీ5 ట్యూబులున్న (సన్నటి ఫ్లోరసెంట్ ట్యూబ్‌లైట్లు) ఫిక్చర్‌ను ఎంచుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత కూడా దాని మీద నాకున్న ఇష్టానికి ప్రధాన కారణం ఒక్కటే: లేత ఆకులకు జానెడు దూరంలో వెలిగించినా అవి వాడవు. ఎత్తు తక్కువగా ఉండే అరలో ఇంతకు మించిన సదుపాయం లేదు. పొడవాటి ట్యూబుకు దగ్గరలో, దూరం రెట్టింపయితే వెలుతురు దాదాపు సగానికి పడిపోతుంది కాబట్టి, ఫిక్చర్‌ను గొలుసులతో వేలాడదీసి, మొక్కలు ఎదిగేకొద్దీ ఒక్కో కొక్కెం పైకి మారుస్తూ వచ్చాను. లెట్యూస్ ఆకులు గుబురుగా, కణుపుల మధ్య ఎడం లేకుండా పెరిగాయి. ఆఫ్రికన్ వయొలెట్లు కిటికీ దగ్గర కంటే ఇక్కడే బాగా పూశాయి.

నన్ను బాగా ఇబ్బంది పెట్టింది మాత్రం ట్యూబు ఆరిపోవడం కాదు, ఆరిపోకుండానే బలహీనపడడం. ఒక విడత నారు కాడలు దారాల్లా సన్నబడి, పాలిపోయి, ట్యూబు వైపు సాగసాగాయి. మట్టి, విత్తనం, నీళ్లు పోసే పద్ధతి ఏదీ మారలేదు. ట్యూబులు ఎప్పటిలాగే తెల్లగా వెలుగుతున్నాయి. వాటి కొసల దగ్గర గోరంత నల్లటి మరక తప్ప కంటికి ఏ తేడా కనిపించలేదు. చివరకు ఒక ట్యూబు తీసి, అదే రకం కొత్తది బిగించి చూసినప్పుడు పక్కనున్న పాతవి మసకగా కనిపించాయి, వెలుతురును కొలిచే లక్స్ మీటర్ కూడా ఆ తేడాను నిర్ధారించింది. ట్యూబు లోపల పాదరసపు ఆవిరి వెలువరించే అతినీలలోహిత కిరణాలను ఫాస్ఫర్ పూత మనకు కనిపించే వెలుతురుగా మారుస్తుంది. ఆ పూత క్రమంగా క్షీణిస్తుంది, ఆ నెమ్మదైన తగ్గుదలకు మన కన్ను అలవాటుపడిపోతుంది, మొక్క మాత్రం అలవాటుపడదు. రోజుకు పద్నాలుగు, పదహారు గంటలు వెలిగే ట్యూబును ఆరిపోయేదాకా ఉంచకూడదని, అన్నిటినీ ఒకేసారి కాకుండా ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోవాలని నా గట్టి నమ్మకం.

వెలుతురు సమంగా పడుతుందని నేను చాలామందికి చెప్పిన మాట నిజమే కానీ, అది ట్యూబు నడిమి భాగానికే వర్తిస్తుంది. కొసల కింద ఉన్న ట్రేలు వెనకబడతాయి, వాటిని తరచూ నడిమికి జరపవలసిందే. అలాగే వేడి తక్కువన్నది గాలి ఆడే చోట మాత్రమే. టీ5 చుట్టూ ఉన్న గాలి సుమారు 35 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్నప్పుడు అత్యధిక వెలుతురు ఇచ్చేలా రూపొందింది. మూడు వైపులా మూసిన అరలో చోక్ వేడి కూడా తోడైతే మట్టి త్వరగా ఎండిపోతుంది. చిన్న ఫ్యాన్ పెట్టాకే నాకు ఆ బాధ తప్పింది.

వెలుతురు రంగు విషయంలో 6500 కెల్విన్ (పగటి వెలుతురు లాంటి తెల్లని) ట్యూబులు నారుకు, ఆకుకూరలకు చాలినంత పని చేశాయి. మిరప కాయ దశకు వచ్చేసరికి మాత్రం వెలుతురు చాలలేదు.

ఫిక్చర్ ఇప్పటికే చేతిలో ఉండి, పెంచేవి ఆకు మొక్కలే కాబట్టి నేను దీన్నే కొనసాగిస్తున్నాను. కొత్తగా మొదలుపెట్టేవారు మాత్రం తక్కువ కరెంటుతో నడిచే, పాదరసం లేని ఎల్ఈడీని ముందు చూడడం మంచిది. నారును కొన్ని వారాల్లోనే ఎండలోకి తరలించగలిగితే, 36 వాట్ల టీ8 ట్యూబులు (టీ5 కంటే లావుగా ఉండేవి) రెండు ఉన్నా సరిపోవచ్చు.