వైజాగ్ ఆల్బమ్ డిజైనర్లూ జాగ్రత్త! ఆ ‘లాక్ చేసిన యాక్షన్లు’ కొనకండి

ఫోటోషాప్ యాక్షన్ల (ఒకసారి రికార్డు చేసి పెట్టుకుని ఒక్క క్లిక్కుతో మళ్లీ నడిపే ఎడిటింగ్ స్టెప్పుల) ప్యాక్ అమ్మేది ఎవరో మన వైజాగ్ ఫోటోగ్రాఫర్లకి పేరు పెట్టి చెప్పక్కర్లేదు. ‘ముహూర్తం టోన్, బీచ్ ప్రీవెడ్డింగ్ టోన్, పసుపు ఫంక్షన్ టోన్, అన్నీ ఒక్క క్లిక్కు’ అని పెళ్లిళ్ల సీజన్ ముందు వాట్సాప్‌లో ఊదరగొడతాడు కదా, అతనే. 3,500 రూపాయలు తీసుకుని, ఎనీడెస్క్‌లో (దూరం నుంచి మన కంప్యూటర్ నడిపే యాప్) తనే వచ్చి లోడ్ చేసి వెళ్లాడు. ఫోల్డర్ మొత్తం మీద యాక్షన్ నడిపే బ్యాచ్‌లో డెస్టినేషన్ దగ్గర ‘నన్’ (None) పెట్టుకోండి, ఒరిజినల్స్‌కి ఏమీ కాదు అని కూడా చెప్పాడు.

ఆ ముహూర్తం టోన్‌ని ఒక పెళ్లి ఫోల్డర్ మీద నడిపితే రెండో కెమెరా జేపెగ్‌లన్నీ చిన్నవైపోయి ఒరిజినల్స్ మీదే సేవ్ అయ్యాయి. 6000 బై 4000 పిక్సెళ్లు ఉన్న ఫోటో 1800 బై 1200 అయింది. ప్రింటుకి అంగుళానికి 300 పిక్సెళ్ల రిజల్యూషన్‌లో అది 6 అంగుళాల వెడల్పు. 12 బై 36 అంగుళాల ఆల్బమ్ షీట్‌లో తలంబ్రాల ఫోటో పేజీ నిండా వెయ్యాలంటే ఎక్కడి నుంచి తేవాలి? ఫైలు సేవ్ అయి మూసుకుపోయాక వెనక్కి వెళ్లడానికి హిస్టరీ కూడా ఉండదు.

ఫోన్ చేసి, ఆ సేవ్ స్టెప్ తీసేసి ఇవ్వండి అని మర్యాదగానే అడిగితే అతనన్న మాట: “ఇవి లాక్ చేసిన యాక్షన్లండీ, మార్చడం కుదరదు. ఎడిట్ చేసుకునే వెర్షన్ కావాలంటే ఇంకో 2,000 పంపండి.” పెళ్లివాళ్ల ఫోటోలు పోయాయండీ అంటే, “ఫోటోషాప్ రానివాళ్లకి ఆల్బమ్ పనెందుకు? వేరే పని చూసుకోండి” అని పెట్టేశాడు. తర్వాత నంబర్ బ్లాక్.

డబ్బు పోతే పోయింది. కానీ ఆ లాక్ మాట పచ్చి అబద్ధం. యాక్షన్లుండే ఏటీఎన్ ఫైలుకి ఫోటోషాప్‌లో పాస్‌వర్డూ లేదు, తాళమూ లేదు. లోడ్ చేసేటప్పుడు అతను చేసిందల్లా యాక్షన్స్ ప్యానెల్‌లో బటన్ మోడ్ ఆన్ చేసి వెళ్లడం. బటన్ మోడ్‌లో యాక్షన్లు రంగురంగుల బటన్లలా కనిపిస్తాయి, లోపలి స్టెప్పులు కనిపించవు, ఎడిటింగ్ కుదరదు. ప్యానెల్ కుడివైపు పైన ఉన్న మెనూ తెరిచి బటన్ మోడ్ టిక్కు తీసేస్తే చాలు, అన్నీ బయటపడతాయి. ఆ టిక్కు తీయడానికి 2,000 అడుగుతున్నాడు!

యాక్షన్ పేరు పక్కనున్న బాణం నొక్కితే స్టెప్పులు వరసగా వస్తాయి. అతని ముహూర్తం టోన్ అంటే ఒక కర్వ్స్, ఒక సెలెక్టివ్ కలర్, ఒక అన్‌షార్ప్ మాస్క్. ఆ కింద ఫ్లాటెన్ ఇమేజ్ (లేయర్లన్నీ ఒకటిగా కలిపెయ్యడం), ఇమేజ్ సైజ్ 1800, సేవ్, క్లోజ్. బ్యాచ్‌లో ‘నన్’ పెడితే ఫోటోషాప్ తనంతట తాను సేవ్ చెయ్యదు, నిజమే. కానీ యాక్షన్ లోపలే సేవ్ రికార్డయి ఉంటే అది చేసేస్తుంది. లేయర్లని ముందే ఫ్లాటెన్ చేసేశాడు కాబట్టి ఎక్కడ సేవ్ చెయ్యాలని కూడా అడగకుండా అదే జేపెగ్ మీద రాసేస్తుంది.

ఇప్పటికే కొన్నవాళ్లు ఆ సేవ్, క్లోజ్ స్టెప్పులని ప్యానెల్ కింది చెత్తబుట్టలోకి లాగెయ్యండి. ఇమేజ్ సైజ్ ఎడమవైపు టిక్కు తీసేస్తే ఆ స్టెప్ నడవదు. సైజు తగ్గించాల్సిన పనే ఉంటే దాని బదులు ఫైల్ మెనూ, ఆటోమేట్‌లో ఉన్న ఫిట్ ఇమేజ్ రికార్డు చేసుకోండి. నిలువు ఫోటోకీ అడ్డం ఫోటోకీ రెంటికీ సరిపోతుంది. కర్వ్స్ ఘాటుగా ఉంటే ఏదైనా ఫోటో తెరిచి ఉంచి ఆ స్టెప్ మీద డబుల్ క్లిక్ చెయ్యండి, డైలాగ్ వస్తుంది, విలువ మార్చి ఓకే కొడితే కొత్తదే రికార్డవుతుంది. ఒక్కో ఫోటోకి ఒక్కోలా కావాలంటే టిక్కు పక్క గడిలో డైలాగ్ గుర్తు ఆన్ చేసుకోండి, నడిచేటప్పుడు అక్కడ ఆగి అడుగుతుంది.

అతని బీచ్ టోన్ మధ్యలో ఆగిపోతోందని ఇద్దరు ముగ్గురు అడిగారు. కారణం, లేయర్‌ని పేరుతో పట్టుకునేలా రికార్డు చేశాడు. ‘లేయర్ 1 కాపీ’ అనే పేరు మీ ఫైల్‌లో లేకపోతే ఎర్రర్ వస్తుంది. ఆ స్టెప్ తీసేసి, దాని పైస్టెప్‌ని సెలెక్ట్ చేసి, రికార్డు బటన్ నొక్కి, ఆల్ట్‌తో ఎడమ స్క్వేర్ బ్రాకెట్ కొడితే ‘కింది లేయర్’ అని రికార్డవుతుంది, పేరుతో పనుండదు. సెలెక్షన్లు ఒక మూలకే పోతుంటే రూలర్ యూనిట్లు పర్సెంట్‌కి మార్చి మళ్లీ రికార్డు చెయ్యండి. మార్చినవన్నీ అయ్యాక పైనున్న సెట్ ఫోల్డర్‌ని సెలెక్ట్ చేసి ప్యానెల్ మెనూలో సేవ్ యాక్షన్స్ కొట్టండి. విడి యాక్షన్ సెలెక్ట్ అయి ఉంటే ఆ ఆప్షన్ వెలగదు.

ఎవరి దగ్గర కొన్నా సరే, ముందు బటన్ మోడ్ తీసి చూడండి. విండోస్‌లో కంట్రోల్, ఆల్ట్ పట్టుకుని సేవ్ యాక్షన్స్ కొడితే స్టెప్పులన్నీ టెక్స్ట్ ఫైల్‌గా వస్తాయి, అందులో సేవ్ అనే మాట ఉందేమో వెతకండి. ఒరిజినల్ ఫోల్డర్ మీద కాకుండా కాపీ మీదే నడపండి.

ఆ ప్యాక్‌తో ఫోటోలు చిన్నవైపోయినవాళ్లు మీ మెమరీ కార్డులు పక్కన పెట్టెయ్యండి, వాటి మీద ఇంకేమీ తీయొద్దు. కార్డు ఫార్మాట్ చేసినా, దాని మీద కొత్తవి పడనంతవరకు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో పాతవి తిరిగొచ్చే అవకాశం ఉంది.