థైరాయిడ్ క్యాన్సర్ క్లినిక్: మా అక్క చికిత్స ఆధారంగా నా అభిప్రాయం

హైదరాబాద్‌లోని ఒక పెద్ద ఆసుపత్రిలో థైరాయిడ్ కణితుల కోసం ప్రత్యేకంగా నడిచే క్లినిక్‌లో మా అక్క ఏడాదికి పైగా చికిత్స పొందుతోంది. మా ఊళ్లో చేయించిన సూది పరీక్ష ‘అనుమానాస్పదం’ అన్న మాటతోనే ఆగిపోయింది. ఇక్కడి ఎండోక్రైన్ సర్జన్ రక్తంలో కాల్సిటోనిన్ అనే హార్మోన్, సీఈఏ అనే ప్రోటీన్ పరీక్షలు రాశాకే అది మెడుల్లరీ క్యాన్సరని తేలింది. థైరాయిడ్ క్యాన్సర్లలో 5 శాతం లోపే ఉండే ఈ రకం, థైరాయిడ్ హార్మోన్ తయారుచేసే కణాల నుంచి కాక కాల్సిటోనిన్ స్రవించే సీ-కణాల నుంచి పుడుతుంది కనుక రేడియో అయోడిన్ (రేడియోధార్మిక అయోడిన్ చికిత్స) దీనిపై పనిచేయదు. మొదటి ఆపరేషన్‌లోనే గ్రంథి మొత్తాన్నీ, మెడ మధ్యభాగంలోని లింఫ్ గ్రంథులనూ తీసివేయడం అందుకే ముఖ్యం.

ఆపరేషన్ త్వరగా చేయమని మేము ఎంత తొందరపెట్టినా, మెటానెఫ్రిన్ల (అడ్రినలిన్ విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పదార్థాల) పరీక్ష ఫలితం చూడనిదే డాక్టరుగారు తేదీ ఇవ్వలేదు. వంశపారంపర్య రకంలో మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథిలోనూ కణితి ఉండవచ్చునని, అది తెలియకుండా మత్తు ఇస్తే రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పెరగవచ్చునని ఆయన కాగితంపై బొమ్మ గీసి, మా అమ్మకు కూడా అర్థమయ్యేలా చెప్పారు. ఈ క్లినిక్‌పై నా నమ్మకానికి ప్రధాన కారణం ఆ పట్టుదలే.

మెడుల్లరీ రోగుల్లో సుమారు నాలుగో వంతు మందికి రెట్ జన్యువులో పుట్టుకతో వచ్చిన మార్పే కారణమట. అందువల్ల కుటుంబంలో ఇంకెవరికీ ఈ జబ్బు లేకపోయినా జన్యు పరీక్ష తప్పనిసరి. అక్కకు ఆ మార్పు లేదని తేలడంతో పిల్లల గురించిన భయం తీరింది. అయితే ఈ సేవలో లోపం ఉన్నది ఇక్కడే: నమూనాను బయటి ల్యాబుకు పంపుతారని గానీ, దానికయ్యే ఖర్చును గానీ ముందుగా చెప్పలేదు; ఫలితం ఆలస్యమైనప్పుడు ఫోన్ చేసి తెలిపినవారూ లేరు. అంత ఆందోళనలో ఉన్న కుటుంబాన్ని అలా వదిలేయడం సరికాదు.

ఆపరేషన్ తరువాతి పర్యవేక్షణ మాత్రం శ్రద్ధగా ఉంది. థైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోన్) మాత్రను లోటు తీరేంత మోతాదులోనే ఇస్తున్నారు. కాల్సిటోనిన్ విలువలను ప్రతిసారీ ఒకే ల్యాబులో చూపించమంటారు, ఎందుకంటే అది రెట్టింపు కావడానికి పట్టే కాలాన్ని బట్టే జబ్బు వేగాన్ని అంచనా వేస్తారు. వ్యాధి ముదిరి, కణితిలో రెట్ మార్పు ఉన్నవారికి, రెట్‌ను అడ్డుకునే, అమెరికాలో 2020లో ఆమోదం పొందిన సెల్పర్కటినిబ్ వంటి మందుల గురించి కూడా వివరిస్తారు. కొత్తగా వెళ్లేవారు పాత సూది పరీక్ష నివేదికతో పాటు స్లైడ్లను కూడా అడిగి తీసుకువెళ్లాలి. ఇక్కడి పాథాలజిస్టు వాటిని స్వయంగా మళ్లీ చూస్తారు.