“నా సొంత కలెక్షన్” అంటూ ఒమేగా లిమిటెడ్ ఎడిషన్ అమ్ముతున్న హైదరాబాద్ పెద్దమనిషితో జాగ్రత్త

స్విస్ కంపెనీ ఒమేగా చేసిన స్పీడ్‌మాస్టర్ ‘స్పీడీ ట్యూస్‌డే’ చేతివాచీ, 2017లో వచ్చిన మొదటి ఎడిషన్, హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా బేరం చేస్తుంటే డబ్బు పంపకుండా ముందు ఇది చదవండి. అడ్వాన్స్ ఇచ్చేసి ఉంటే మిగతాది ఆపేయండి.

ఆ మనిషెవరో వాచీలు సేకరించే మీలో చాలామందికి తెలుసు. పేరు రాయొద్దని లాయరు గట్టిగా చెప్పారు కాబట్టి రాయడం లేదు. పాత జేబు గడియారాల ఫొటోలు పెడుతుంటాడు, కొత్తగా ఈ దారి పట్టినవాళ్లు ఏమడిగినా ఓపిగ్గా జవాబులు చెబుతుంటాడు, ఆయనే. “షాపు పెట్టుకున్నవాణ్ని కాదు తమ్ముడూ, ఇది నా సొంత కలెక్షన్‌లోది, అమ్మాయి పెళ్లి ఖర్చుల కోసం ఇస్తున్నా” అన్నాడు. ధర ఏడు లక్షల పైచిలుకు. అనుమానం రావడానికి అది చవకా కాదు, మార్కెట్ రేటుకు అటూ ఇటూగానే ఉంది. ఈ ఒక్క వాచీ కోసం నా దగ్గరున్న మంచి వాచీలు అమ్ముకున్నాను. మిగతా బేరమంతా మామూలుగానే జరిగింది. బంజారాహిల్స్‌లో కాఫీ, పెట్టె, నేటో పట్టీ (గుడ్డతో చేసింది), చేతికి పెట్టుకుని చూడటం, అన్నీ అయ్యాయి. వారంటీ కార్డు మాత్రం విజయవాడలో బ్యాంకు లాకర్‌లో ఉందని, కొరియర్ చేస్తానని అన్నాడు. కార్డు ఫొటో వాట్సాప్‌లో పంపాడు. అందులో సీరియల్ నంబరు చివరి అంకెల మీద బొటనవేలు పెట్టి ఉంది. అలా మూయడం మనందరి అలవాటే కదా, దొంగలు వాడుకోకుండా. ఆ అలవాటునే ఆయన అడ్డం పెట్టుకున్నాడు.

కార్డు ఈ రోజుకీ రాలేదు.

క్రోనో బటన్ (స్టాప్‌వాచ్ నొక్కేది) కాస్త బిగుతుగా అనిపించి అధీకృత సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు లూప్ (చిన్న భూతద్దం) కంటికి పెట్టుకుని, లగ్ (పట్టీ తగిలించే కొమ్ము) వెనకున్న సీరియల్ చదివి కంప్యూటర్‌లో కొట్టాడు. మళ్లీ చదివాడు, మళ్లీ కొట్టాడు. “సార్, ఈ నంబరు మామూలు మూన్‌వాచ్‌ది. డయల్ మొత్తం నల్లగా ఉండేది” అన్నాడు. అంటే లిమిటెడ్ ఎడిషన్ కాని సాధారణ స్పీడ్‌మాస్టర్. నా ముందే వెనక మూత తీశాడు. లోపల 1861 క్యాలిబర్, అంటే వాచీని నడిపే యంత్రం, అసలుదే. కేసు అసలుదే. నకిలీ అంతా పైనుంది. ఈ ఎడిషన్‌కు ప్రాణం లాంటివి తెల్లటి చిన్న డయల్స్, వాటిలో మధ్య నుంచి బయటికి తిరిగి ఉండే అంకెలు. 1978లో నాసా కోసం చేసిన ‘అలాస్కా ప్రాజెక్ట్’ వాచీల నుంచి తీసుకున్న పోలిక అది. లూప్‌లో చూస్తే ఆ అంకెల అంచుల్లో సిరా పాకి ఉంది. హెసలైట్ (ఒక రకం ప్లాస్టిక్) అద్దం నడిమధ్యన చాలా చిన్న ఒమేగా గుర్తు ఉండాలి, అదీ లేదు. వెనక మూత మీద మొత్తం 2012 వాచీల్లో ఇది ఇన్నోది అని చెక్కిన నంబరు లోతు లేకుండా గీసినట్టుంది. ఒక మామూలు వాచీ కొని, బయట చేయించిన డయల్, ముళ్లు, మూత తగిలించారన్నమాట. దాని అసలు విలువ నేనిచ్చినదాంట్లో సగం కూడా ఉండదని ఆ కుర్రాడు చెప్పలేక చెప్పలేక చెప్పాడు.

సర్వీస్ సెంటర్ మెట్ల మీద నిలబడే ఫోన్ చేశాను. అప్పటికీ నా మనసులో ఆయన మీద అనుమానం లేదు. ఈయన్నే ఎవరో మోసం చేసి ఉంటారు, పాపం, చెప్తే కంగారుపడతాడు అనుకున్నాను.

“అన్నా, నంబరు వేరే వాచీదంటున్నారు” అన్నాను.

“చూసే తీసుకున్నావుగా?” అన్నాడు.

కంగారు లేదు, ఆశ్చర్యం లేదు. ‘ఏమైంది’ అని కూడా అడగలేదు. ఆ జవాబు ఎప్పుడో సిద్ధం చేసి పెట్టుకున్నట్టుంది. డయల్ నకిలీదని తేలిందని చెప్పాను. అప్పుడన్నాడు: “నా దగ్గర్నుంచి మంచి వాచీ పట్టుకెళ్లావు. మధ్యలో నువ్వే డయల్ మార్చి నా మీదకు తోస్తున్నావేమో, నాకేం తెలుసు? ఇట్లాంటోళ్లను చాలామందిని చూశా.” నాకు మాట రాలేదు. నన్ను దొంగని చేశాడు! నా ఏడు లక్షలు జేబులో వేసుకున్న మనిషి, అంతకుముందు దాకా తమ్ముడూ తమ్ముడూ అన్న నోటితోనే నన్ను దొంగన్నాడు. సర్వీస్ సెంటర్ కాగితం పంపుతాను చూడండన్నా అంటే, “ఈమాత్రం డబ్బుకు ఏడ్చేవాడివి ఈ సరదాలు ఎందుకయ్యా నీకు, టైం చూసుకోవడానికి ఫోన్ లేదా?” అని పెట్టేశాడు. తర్వాత చేస్తే నా నంబరు బ్లాక్.

డబ్బు పోయిన బాధ ఒకటైతే, ఆ మాటల మంట ఇంకొకటి. ఇది రాస్తున్నా చెయ్యి వణుకుతోంది.

కాఫీషాపులో ఆయన చెప్పిన కథ తలుచుకుంటే ఇంకా కడుపు మండుతోంది. 2017 జనవరి 10, మంగళవారం. ఒమేగా మొదటిసారి ఒక లిమిటెడ్ ఎడిషన్‌ను ఆన్‌లైన్‌లో బుకింగ్‌కు పెట్టిన రోజు. 2012 వాచీలు 4 గంటల 15 నిమిషాల 43 సెకన్లలో అయిపోయాయి. ఆ 43 సెకన్లతో సహా చెప్పాడు! స్పీడ్‌మాస్టర్ అభిమానులు ‘స్పీడీ ట్యూస్‌డే’ అనే మంగళవారం సంబరం మొదలుపెట్టిన సంవత్సరం 2012 కాబట్టే సరిగ్గా అన్ని వాచీలు చేశారని కూడా చెప్పాడు. అన్నీ నిజాలే. ఆఫీసులో బాస్‌కు కనపడకుండా బుక్ చేశానని కళ్లు మెరిపిస్తూ చెబుతుంటే నాకూ ముచ్చటేసింది. వాచీని ప్రేమించేవాడే అంతలా మాట్లాడగలడని మనం అనుకుంటాం. ఏ అంకె ఎటు తిరిగి ఉండాలో బాగా తెలిసినవాడికే నకిలీ చేయించడమూ బాగా తెలుస్తుందని ఇప్పుడు అర్థమైంది.

“ఇన్నేళ్ల అనుభవం ఉన్నవాడివి, ఎలా పడిపోయావు” అని అడుగుతున్న స్నేహితులకు ఒక్కటే చెబుతున్నా. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ అనే వేలం సంస్థ నడిపిన వేలంలో 1957 నాటి తొలి స్పీడ్‌మాస్టర్ మోడల్, 2915-1, 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఒమేగా సంస్థే, తన మ్యూజియం కోసం. అది అక్కడివీ ఇక్కడివీ విడిభాగాలు కూర్చి చేసిన వాచీ అని 2023లో బయటపడింది. అందులో తన మాజీ ఉద్యోగుల హస్తం ఉందని సంస్థే చెప్పింది. తయారుచేసినవాళ్ల కళ్లే కప్పగలిగారు. కాబట్టి తప్పు మోసపోయినవాడి మీదకు నెట్టడం ఇక ఆపండి. తప్పు మోసం చేసినవాడిది.

ఒక్కటి మాత్రం కలిసొచ్చింది. ఆయన సగం డబ్బు నగదుగా అడిగితే నేను ఒప్పుకోలేదు. రెండు లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టానికి విరుద్ధం అని చెప్పి మొత్తం బ్యాంకు ద్వారానే పంపాను. ఆ స్టేట్‌మెంట్, చాట్లు, సర్వీస్ సెంటర్ రాసిచ్చిన కాగితం జతచేసి పోలీసులకు ఫిర్యాదిచ్చాను. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318, అంటే మన పాత 420. మొత్తం వ్యవహారం ఆన్‌లైన్‌లోనే జరిగినవాళ్లయితే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఖాతాలో ఆగే అవకాశం అంత ఉంటుంది.

కొనేవాళ్లకు: కార్డు చేతికి రాకుండా పైసా ఇవ్వొద్దు. కార్డు మీది రెఫరెన్స్ (మోడల్ నంబరు), సీరియల్, లగ్ వెనకున్న సీరియల్ మూడూ కలిపి చూడండి. బేరం కాఫీషాపులో కాదు, సర్వీస్ సెంటర్ కౌంటర్ దగ్గర పెట్టుకోండి, మూత తీయించి చూశాకే డబ్బు. అమ్మేవాడు దానికి నొచ్చుకుంటే నొచ్చుకోనివ్వండి.

ఈ మధ్య ఇంకో ‘సొంత కలెక్షన్’ వాచీ అమ్మకానికి పెట్టాడని తెలిసింది, ఈసారి స్పీడ్‌మాస్టర్‌లోనే మరో లిమిటెడ్ ఎడిషన్, ‘స్నూపీ’. ఆయన దగ్గర ఇంతకుముందు కొన్నవాళ్లు దయచేసి మీ వాచీలు ఒకసారి చూపించుకోండి. తేడా తేలితే నాకు రాయండి. ఒక్కడి ఫిర్యాదు కన్నా నలుగురిది కలిస్తే పోలీసులు కదులుతారు. నా వాచీ అలాగే సీలు వేసి దాచాను, కేసు తేలేదాకా ఎవరికీ అమ్మను.