సైనిక్ స్కూల్ రిజల్ట్ మీద అప్పీల్ కోసం చిక్కడపల్లిలో కలిసిన సార్: నా రివ్యూ

మావాడు ఈసారి సైనిక్ స్కూల్ ఆరో తరగతి ఎంట్రన్స్ రాశాడు. 300కి 203 మార్కులు వచ్చాయి. క్వాలిఫై అయ్యాడు, కానీ మొదటి రౌండ్‌లో సీటు రాలేదు. మా అన్నయ్య కోరుకొండ సైనిక్ స్కూల్లో చదివాడు, ఆ కథలన్నీ వింటూ పెరిగాడు కాబట్టి వీడికి నాలుగో తరగతి నుంచీ అదే ధ్యాస. రిజల్ట్ వచ్చిన రోజు అన్నం తినలేదు, ఏడవలేదు కూడా. "నేను బాగానే రాశాను కదమ్మా, మళ్లీ దిద్దమని అడగొచ్చు కదా" అని ఒకటే మాట. అలా మొదలైంది ఈ తిరుగుడంతా.

ముందు మేము వెళ్లింది ఇంటికి దగ్గర్లో ఉన్న ఒక కన్సల్టెన్సీకి. ఏసీ ఆఫీసు, గోడల నిండా యూనిఫాం వేసుకున్న పిల్లల ఫొటోలు. మావాడి మార్కులు ఎన్నని కూడా అడగకుండానే రీవాల్యుయేషన్ పెట్టిద్దాం, ఢిల్లీలో మనవాళ్లున్నారు, 18 వేలవుతుంది, సగం ఇప్పుడే కట్టండి అన్నారు. రసీదు ఇస్తారా అంటే ఇలాంటి పనులకు రసీదులుండవు మేడమ్ అన్నారు. నిజం చెప్తున్నా, ఆ రోజు మా వారు ఫోన్ తీసి డబ్బు కొట్టబోయారు, ఆయన తప్పేం లేదు, పిల్లాడి మొహం అలా ఉంటే ఏ తండ్రైనా కట్టేస్తాడు. రేపొస్తామని చెప్పి నేనే బయటికి లాక్కొచ్చాను.

మా ఆఫీసులో ఒకావిడ చెబితే చిక్కడపల్లి వెళ్లాం. సిటీ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్లేంత దూరం, కింద జిరాక్స్ షాపు, పైన రెండు గదులు. రిటైరైన లెక్కల లెక్చరర్ ఒకాయన పరీక్షల అభ్యంతరాలు, ఆర్టీఐ (సమాచార హక్కు చట్టం) దరఖాస్తులు, స్కూళ్లకూ బోర్డులకూ ఉత్తరాలు రాసిపెడతారు. చూసి చెప్పడానికి 300 రూపాయలు, దరఖాస్తు రాసిపెడితే ఇంకో 200. లిఫ్ట్ లేదు. అపాయింట్‌మెంట్ ఇవ్వరు, ముందు వచ్చినవాళ్లు ముందు, మాకు దాదాపు రెండు గంటలు పట్టింది. మంచినీళ్లు వెంట తీసుకెళ్లండి.

సార్ మొదట చెప్పిందే నాకు నచ్చని మాట. ఈ పరీక్షలో రీవాల్యుయేషన్, రీచెకింగ్ అనేవే లేవమ్మా అన్నారు. ఎన్‌టీఏ అనే కేంద్ర సంస్థ పెట్టే పరీక్ష కదా, రిజల్ట్‌కి ముందే ప్రొవిజనల్ కీ (తాత్కాలిక జవాబుల జాబితా), పిల్లవాడి ఓఎంఆర్ షీట్ (జవాబు గడులు నింపే కాగితం) స్కాన్ కాపీ వెబ్‌సైట్‌లో పెడతారు, కొద్ది రోజులే టైమ్ ఉంటుంది, కీలో తప్పుందనుకున్నా, మనం నింపిన గడిని మెషీన్ తప్పుగా చదివిందనుకున్నా అప్పుడే ప్రశ్నకు ఇంత అని ఫీజు కట్టి అభ్యంతరం పెట్టాలి. ఆ ఫీజు తిరిగి రాదు. ఫైనల్ కీ వచ్చి రిజల్ట్ ఇచ్చేశాక ఇక దాని మీద అప్పీల్ ఉండదు. ఆ రోజుల్లో మేము ఊళ్లో పెళ్లిలో ఉన్నాం. మా వారు ఓఎంఆర్ డౌన్‌లోడ్ అయితే చేశారు కానీ తెరిచి చూసిన పాపాన పోలేదు ఇద్దరం. నెలన్నరగా అది ఫోన్‌లోనే పడి ఉంది.

కోర్టుకెళ్తే అని అడిగాను. 2011లో సుప్రీంకోర్టు పిల్లలు తమ జవాబు పత్రాన్ని సమాచార హక్కు చట్టం కింద చూసుకోవచ్చని తీర్పిచ్చింది, అయితే చూసుకునే హక్కు వేరు, మళ్లీ దిద్దించుకునే హక్కు వేరు అని కూడా అదే తీర్పులో ఉందని చెప్పారు. షీటు మన దగ్గర లేకపోతే 10 రూపాయలతో ఆర్టీఐ పెట్టొచ్చట, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే మొదటి అప్పీల్, దానికి ఫీజు లేదు. "మీ దగ్గర ఉంది కదా, మీకు అదీ అక్కర్లేదు, కిందికెళ్లి ప్రింట్ తీయించండి" అన్నారు. తన 200 తనే వద్దనుకున్నట్టే కదా. అక్కడే నాకు ఆయన మీద గురి కుదిరింది.

ప్రింట్ తెచ్చాక జరిగింది కాస్త వివరంగా రాస్తాను, ఈ రివ్యూ రాస్తున్నదే దాని కోసం. మావాడు పరీక్ష నుంచి తెచ్చుకున్న ప్రశ్నపత్రం కూడా పట్టుకెళ్లాం, దాని మీద వాడు ఏ జవాబు పెట్టాడో టిక్కులున్నాయి. సార్ వాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, ఓఎంఆర్ మీద స్టీలు స్కేలు అడ్డంగా పెట్టి ఒక్కో వరుసా కిందికి జరుపుతూ వచ్చారు. వాడు ప్రశ్నపత్రంలో టిక్కు చదవాలి, ఆయన షీటులో గడి చదవాలి. 30 దాకా అన్నీ సరిపోయాయి. 31 దగ్గర వాడు "ఇది వదిలేశాను సార్, పెయింట్ డబ్బాల లెక్క, తర్వాత చేద్దామనుకున్నా" అన్నాడు. షీటులో 31 గడి నింపి ఉంది. సార్ ఏమీ అనలేదు, స్కేలు జరిపారు. 32 కలవలేదు. 33 కలవలేదు. ఇంకాస్త కిందికి వచ్చాక 40 ఖాళీగా ఉంది. "40 వదిలావా నాన్నా?" అంటే "లేదు సార్, అది ఈజీ" అన్నాడు. అప్పుడు వాడికే అర్థమైంది. 31 వదిలేసి, 32 జవాబుని 31 గడిలో పెట్టాడు, అలా 40 జవాబు 39లో పడింది, ప్రశ్నపత్రంలో 41 కొత్త పేజీలో మొదలవుతుంది కాబట్టి నంబరు చూసుకుని సరైన వరుసలో పెట్టాడు. తొమ్మిది జవాబులు ఒక గడి పైకి జరిగాయి. ప్రశ్నపత్రం ప్రకారం అందులో ఎనిమిది కరెక్ట్. జరిగిపోయాక రెండు మాత్రం అనుకోకుండా కీతో కలిశాయి. లెక్కల్లో ప్రశ్నకు మూడు మార్కులు, అంటే ఆరు ప్రశ్నలకు 18 మార్కులు పోయాయి.

18 కలిపితే 221, అప్పుడు సీటు వచ్చేదా సార్ అని నోరు జారాను. "ఆ మాట పిల్లాడి ముందు వద్దమ్మా" అని మెల్లగా అన్నారు. ఆ తర్వాత వాడితో, ఆ ఎనిమిది లెక్కలు నువ్వే చేశావు, ఎవరూ నేర్పక్కర్లేదు, గడి చూసుకోవడం ఒక్కటే నేర్చుకోవాలి అని చెప్పారు. అప్పుడు ఏడ్చాడు మావాడు, రిజల్ట్ వచ్చిన ఇన్ని రోజులకి. నాకైతే ఆ 300కి అదే చాలు. ఎవరో తప్పుగా దిద్దారు, అన్యాయం జరిగింది అనుకుంటూ ఉన్న పిల్లాడికి ఏం జరిగిందో కళ్లారా కనిపించింది. 18 వేలు అడిగినవాళ్లు ఆ షీటు ఒక్కసారైనా తెరిచేవాళ్లా?

ఇంకో విషయం. మొదటి రౌండ్‌లో రాలేదు కాబట్టి అయిపోయిందనుకున్నాం మేము. ఒక్కో సబ్జెక్టులో 25 శాతం, మొత్తం మీద 40 శాతం దాటి క్వాలిఫై అయినవాళ్లకు ఈ-కౌన్సెలింగ్ (ఆన్‌లైన్‌లో సీట్లు కేటాయించడం) ఒక్క రౌండ్‌తో ఆగదని, ప్రతి రౌండ్‌కీ వెబ్‌సైట్ చూస్తూ ఉండాలని సార్ చెబితేనే తెలిసింది. ఆయన ముందే కూర్చుని లాగిన్ అయి చూసుకున్నాం. రెండో రౌండ్‌లోనూ రాలేదు. అది ఆయన ముందే చెప్పారు, ఆశ పెట్టుకోకండి కానీ వదలకండి అని.

మావాడికి వచ్చే మార్చి 31 నాటికి పన్నెండు నిండవు కాబట్టి ఆరుకే మళ్లీ రాయొచ్చు. ఇది చాలామందికి తెలియదు, నవోదయలో అయితే ఆరో తరగతి పరీక్ష ఒక్కసారే రాయనిస్తారు, దాంతో కలిపేసుకుని ఇక ఛాన్స్ లేదనుకుంటారు. వయసు దాటితే తొమ్మిదికి రాయొచ్చు, కానీ అది 400 మార్కులకు, ఇంగ్లిష్‌లో మాత్రమే ఉంటుంది. ఆరుది తెలుగులోనూ రాయొచ్చు.

నచ్చనివి కూడా చెప్పాలి. ఫోన్ ఎత్తరు. డబ్బు నోట్లే తీసుకుంటారు. టైపింగ్ చేసే అబ్బాయి తొందరపాటు మనిషి, మా ముందు ఒకాయన దరఖాస్తులో పిల్ల పేరే తప్పు కొట్టాడు, సార్ చూసి మళ్లీ కొట్టించారు గానీ మీరు సంతకం పెట్టే ముందు అక్షరం అక్షరం చదవండి. సార్ కాస్త కటువుగా మాట్లాడతారు, పెద్దవాళ్లతోనే, పిల్లలతో కాదు. ఒక తండ్రి పిల్లాణ్ని అందరి ముందు తిడుతుంటే ఆయన్ని కింద టీ తాగి రమ్మని పంపించేశారు, నాకు అది కరెక్టే అనిపించింది.

ఐదుకి ఐదు ఇస్తున్నాను. వెళ్లేవాళ్లు ఓఎంఆర్ ప్రింట్, ప్రశ్నపత్రం, ఫైనల్ కీ మూడూ పట్టుకెళ్లండి. పిల్లల్ని తప్పకుండా తీసుకెళ్లండి, వాళ్లు లేకపోతే ఏ ప్రశ్న వదిలారో ఎవరు చెప్తారు. ఆదివారం ఉండదు. పొద్దున పదిలోపు వెళితే పన్నెండుకల్లా బయటపడతారు. వచ్చేటప్పుడు మావాడికి ఖాళీ ఓఎంఆర్ షీట్లు ఐదు ఇచ్చారు, నాలుగు అయిపోయాయి, ఐదోది జిరాక్స్ తీయించుకోవడానికని దాచుకున్నాడు.